తెరపై ప్రశ్న – బాలల సమాధానం: 'క్రాఫ్ట్' ప్రశ్నావళి, ఒక పరిశీలన

ఉపోద్ఘాతం:

బాలల సంక్షేమ కార్యకర్తల చేతికి ట్యాబ్ ఇచ్చి, కౌమారదశలోని వారిలో మత్తుపదార్థాల వాడకాన్ని తొలిదశలోనే గుర్తించి, అవసరమైనవారిని వైద్యనిపుణుల వద్దకు పంపాలన్న ఆలోచన ఆహ్వానించదగినది. ఇందుకు అనువైన ప్రశ్నావళులలో 'క్రాఫ్ట్' ఒకటి. అమెరికాలోని బోస్టన్‌లో జాన్ నైట్ బృందం దీనిని రూపొందించి 1999లో ప్రకటించింది. ఆరు ప్రశ్నలలోని కీలకమైన ఆంగ్లపదాల తొలి అక్షరాలే దీని పేరు. 'అవును' అన్న ప్రతి సమాధానానికి ఒక మార్కు. 2 గాని, అంతకు మించి గాని వస్తే లోతైన పరీక్ష అవసరమని అర్థం. ఇంత సులువైన లెక్క కనుకనే చేతి పరికరంలో చక్కగా ఇముడుతుంది. కాని, ఆ లెక్కకు ఆధారం ప్రశ్నలోని మాట. ఆ మాట తెలుగు బాలల జీవితానికి ఎంత దగ్గరగా ఉంటుందన్నదే ఈ వ్యాసంలోని చర్చనీయాంశం.

1. అనువాదం – జీవనసందర్భం:

మొదటి ప్రశ్న కారుకు సంబంధించినది. మత్తులో ఉన్నవారు నడిపే కారులో ప్రయాణించావా, లేదా నువ్వే అలా నడిపావా అన్నది దాని సారాంశం. దీనిని యథాతథంగా అనువదిస్తే, మోటారుసైకిలు, ఆటో తప్ప ఎరుగని పల్లెటూరి కుర్రవాడు 'లేదు' అంటాడు. అది అబద్ధం కాదు. అయినా ఒక మార్కు తగ్గుతుంది. గీత 2 వద్ద ఉన్నప్పుడు ఆ ఒక్క మార్కే అతణ్ణి జాబితా నుంచి తప్పించవచ్చు. ఇక్కడ 'బండి' అన్న మాట చేసే పనిని 'కారు' చేయలేదు.

మరొక ప్రశ్న, అలవాటు తగ్గించుకోమని కుటుంబసభ్యులు గాని స్నేహితులు గాని చెప్పారా అన్నది. కుటుంబానికి దూరమై బాలల సంరక్షణ గృహంలో ఉంటున్నవారికి ఇందులో సగం వర్తించదు. మందలించే మనిషి లేకపోవడం ఇక్కడ క్షేమంగా ఉన్నట్లు నమోదవుతుంది.

2. పరికరం ఎవరి చేతిలో?

కాగితంపై కంటే, హెడ్‌ఫోన్‌లో ప్రశ్న విని కంప్యూటర్‌లో తామే జవాబిచ్చినప్పుడు కౌమారులు సున్నితమైన విషయాలను ఎక్కువగా వెల్లడించారని 1998లో టర్నర్ బృందం 'సైన్స్' పత్రికలో చూపింది. అంటే, మేలు పరికరం వల్ల మాత్రమే కాక ఏకాంతం వల్ల కూడా కలుగుతుంది. కార్యకర్తే పైకి చదివి, తానే నొక్కితే ఆ ఏకాంతం మిగలదు.

3. గుర్తింపు తరువాత:

బాలల న్యాయచట్టం – 2015 ప్రకారం, సంరక్షణ అవసరమైన బాలలపై సామాజిక పరిశోధన 15 రోజులలో పూర్తి కావాలి. తెరపై వచ్చిన మార్కు ఆ నివేదికలో వివరణతో చేరి, వైద్యుని వద్దకు చేరారా లేదా అన్నది నమోదైతేనే 'పంపడం' అన్న క్రియకు అర్థం.

ముగింపు:

తెలుగులో ఇటువంటి ప్రశ్నావళులను అనువాదకుడు ఒంటరిగా చేయదగిన పనిగా భావించరాదు. గృహాలలోని బాలలతో చదివించి, వారి మాటతో సరిచూసి, మార్కుల గీతను మళ్లీ పరీక్షించాలి. తెలుగు శాఖలకు, మానసిక వైద్యులకు ఇది ఉమ్మడి పరిశోధనాక్షేత్రం.