‘నలుగురు’ ఎవరు? – నగర సంపన్న నివాసాల్లో పరువు, ఖర్చు: ఒక విమర్శనాత్మక పరిశీలన

కీలకపదాలు: పరువు, హోదా, గేటెడ్ కమ్యూనిటీ, పేరంటం, కన్యాశుల్కం, సెక్రటరీ, వెబ్లెన్

1. ప్రస్తావన

దుబారాను వెక్కిరించే సామెతలకు తెలుగులో కొదవ లేదు. అప్పు చేసి పప్పు కూడు, పైన పటారం లోన లొటారం, పులిని చూసి నక్క వాత పెట్టుకోవడం – ఇవన్నీ ఖర్చు పెట్టిన మనిషిని చూసి నవ్వుతాయి. ఆ మనిషి చేత ఖర్చు పెట్టించిన పరిస్థితిని పట్టించుకోవు. పరిస్థితి వైపు చూసే మాట సామెతల్లో కాక ఒక మామూలు నుడికారంలో దొరుకుతుంది: ‘నలుగురూ ఏమనుకుంటారు?’ సంపన్న నగర నివాసాల్లోని ఖర్చు ఒత్తిడిని అర్థం చేసుకోవడానికి సామెతల కంటే ఈ ప్రశ్నే మెరుగైన సాధనమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. హైదరాబాద్ పశ్చిమ శివార్లను ఉదాహరణగా తీసుకుంటుంది.

‘నలుగురు’ అనే మాటకు తెలుగులో రెండు ముఖాలున్నాయి. మన నడవడిని చూసి మాట అనేవాళ్లు ఆ నలుగురే. చివరికి పాడె మోసేవాళ్లూ ఆ నలుగురే. 2004లో వచ్చిన ‘ఆ నలుగురు’ చిత్రం పేరులోనే ఈ రెండో అర్థం ఉంది. తీర్పు చెప్పే హక్కు, భుజం పట్టే బాధ్యత ఒకే మనుషుల్లో కలిసి ఉండటం వల్లనే ఆ మాటకు అంత బరువు వచ్చింది. ఈ రెండూ విడిపోయిన చోట పరువు ఏమవుతుందన్నదే ఇక్కడి ప్రశ్న.

2. గిరీశానికి అగ్రహారం ఎందుకు కావలసి వచ్చింది?

అప్పుతో హోదా నడిపే నగరజీవి తెలుగు సాహిత్యంలో గిరీశంతోనే సంపూర్ణ రూపం పొందాడు. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృత రూపం ధరించిన కన్యాశుల్కం అతడు ఊరు విడిచే ప్రయత్నంతో మొదలవుతుంది. విజయనగరంలో గిరీశం పరపతి అయిపోయింది. సరుకులు కొనిపెడతానని పూటకూళ్లమ్మ దగ్గర తీసుకున్న సొమ్ము ఎలా ఖర్చయిందో ఆమెకు తెలిసిపోయింది. వెంకటేశం వెంట అతడు కృష్ణరాయపురం అగ్రహారానికి బయలుదేరడానికి కారణం ఇదే. గిరీశం పాత్రను విశ్లేషించిన విమర్శ ఎక్కువగా అతని వాక్చాతుర్యం మీద, సంస్కరణవాదపు ముసుగు మీద దృష్టి పెట్టింది. అతని హోదాకు ఒక స్థలనియమం ఉన్న సంగతి అంతగా చర్చకు రాలేదు. చుట్ట, ఇంగ్లీషు, వేషం ఎరిగినవారి ముందు చెల్లవు. అవి చెలామణీ కావాలంటే అపరిచితులు ఉండాలి.

అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ ‘ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్’ ప్రచురించింది 1899లో, అంటే కన్యాశుల్కం అచ్చయిన రెండేళ్లకు. ఆ గ్రంథం నుంచి మన చర్చల్లోకి వచ్చింది దాదాపు ఒక్క భావనే: ప్రదర్శనకోసం చేసే వినియోగం. దానిని ‘ఆడంబరం’ అని అనువదించుకుని, పాత సామెతల పక్కన కూర్చోబెట్టి, వెబ్లెన్‌ను మనం ఒక నీతిబోధకుడిగా మార్చుకున్నాం. ఇది ఆయనకు జరిగిన అన్యాయం. ఆయన వాదంలో మనకు పనికివచ్చే భాగాలు వేరే ఉన్నాయి. నగరంలో మనిషిని అంచనా వేసేవారికి అతని ఇల్లూ వంశమూ తెలియవు గనుక, కంటికి కనిపించే వస్తువే ఆధారమవుతుందని ఆయన అంటాడు. అధిక సంఖ్యాకులు ఖర్చు పెట్టేది ఇతరులను మించిపోవడానికి కాదనీ, తమ వర్గం మర్యాదగా భావించే ప్రమాణానికి తగ్గకుండా ఉండటానికీ, వేలెత్తి చూపించుకోకుండా ఉండటానికీ అనీ చెబుతాడు. ఒకసారి అలవాటైన స్థాయి నుంచి కిందికి దిగడం పైకి ఎక్కడం కంటే కష్టమని కూడా గుర్తిస్తాడు. 1949లో జేమ్స్ డ్యూసెన్‌బెర్రీ తన వినియోగ సిద్ధాంతంలో ఈ చివరి అంశాన్నే ఆర్థికశాస్త్ర పరిభాషలోకి తెచ్చాడు.

ఆత్మరక్షణ కోసం పెట్టే ఖర్చుకూ ఆడంబరానికీ ఉన్న ఈ భేదాన్ని విస్మరిస్తే, ఇప్పటి సంపన్న నివాసాల గురించి మనం రాసేదంతా వెక్కిరింతగానే మిగులుతుంది.

3. కొండల నుంచి గేటు దాకా

హైదరాబాద్‌లో సంపన్న నివాసం ఒకప్పుడు కొండమీది బంగళా. నిజాం కాలపు ఉన్నతాధికారి మెహదీ నవాజ్ జంగ్ ఇల్లు కట్టుకున్న తరువాత బంజారాహిల్స్ అలాంటి చోటుగా ఎదిగింది. జూబ్లీహిల్స్ సహకార గృహనిర్మాణ సంఘం ద్వారా విస్తరించింది. ఈ బంగళాను తెలుగు మధ్యతరగతి ఊహల్లోకి తెచ్చినవి యద్దనపూడి సులోచనారాణి నవలలు. ‘సెక్రటరీ’ (చలనచిత్రంగా 1976) నవలలో జయంతి మొదట ధనిక స్త్రీల సంఘమైన వనితా విహార్‌లో ఉద్యోగిని. అక్కడి చీరలనూ నగలనూ పోటీలనూ ఆమె కళ్లతోనే మనం చూస్తాం. ఆ నవలను కలల సాహిత్యమని పక్కన పెట్టిన విమర్శ ఆమె నిలబడిన స్థానాన్ని గమనించలేదని నా అభిప్రాయం. జయంతి చూస్తుంది, కాని ఆ పోటీలో ఖర్చు పెట్టవలసిన అవసరం ఆమెకు లేదు. ఆమె పేదరికమే ఆమెకు రక్షణ. సంపన్న జీవితాన్ని చూస్తూనే దాని లెక్కలకు బయట ఉండగలగడం ఆ నవల పాఠకురాలికి ఇచ్చిన సౌఖ్యం.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాతి పాతికేళ్లలో మారినది ఈ స్థానమే. మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, నల్లగండ్ల, నార్సింగి, తెల్లాపూర్ ప్రాంతాల అపార్ట్‌మెంట్లలోనూ విల్లాల్లోనూ చేరినవారిలో ఎక్కువమంది బంగళా వారసులు కారు. జయంతి నేపథ్యం నుంచి వచ్చినవారు – ఉపాధ్యాయుల, గుమాస్తాల, రైతుల పిల్లలు. అమెరికాలో కొన్నేళ్లు పనిచేసి తిరిగి వచ్చినవారు. చూసేవారే లోపలికి వచ్చారు. 2023 ఆగస్టులో కోకాపేటలో హెచ్‌ఎండీఏ నిర్వహించిన వేలంలో ఎకరం గరిష్ఠంగా 100.75 కోట్ల రూపాయలు పలికింది. ఆ భూమి ధర అంతస్తుల మీద పంచుకుని చివరికి ఒక ఉద్యోగి నెలసరి వాయిదాగా మారుతుంది. ఇరవై ఏళ్ల వాయిదా అంటే ఇరవై ఏళ్లపాటు జీతం తగ్గకూడదన్న షరతు.

వాయిదా ఒక్కటే అయితే దాన్ని గృహరుణ సమస్య అనవచ్చు. గేటు లోపల ప్రమాణం సంస్థాగతమవుతుంది. నిర్వహణ రుసుమును చదరపు అడుగు లెక్కన వసూలు చేస్తారు. 2,400 చదరపు అడుగుల ఫ్లాటుకు అడుగుకు మూడున్నర రూపాయల చొప్పున లెక్కవేస్తే నెలకు 8,400 రూపాయలు. కేంద్ర గణాంక శాఖ 2022–23 గృహ వినియోగ సర్వే ప్రకారం దేశంలో పట్టణవాసి సగటు నెలసరి తలసరి ఖర్చు 6,459 రూపాయలు. తిండి, బట్ట, వైద్యం, ప్రయాణం అన్నీ కలిపి ఒక మనిషికి అంత అవుతుంటే, ఇక్కడ ఈతకొలనుకూ జనరేటరుకూ కాపలాకూ ఒక ఇల్లు అంతకంటే ఎక్కువ కడుతుంది. సంఘం వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటి, సభ్యుని నెలసరి రుసుము 7,500 దాటితే 18 శాతం జీఎస్టీ కూడా వర్తిస్తుంది. ఈతకొలనులో దిగనివాడు కూడా దానికి కట్టాలి. దీన్ని ఆడంబరం అనగలమా? అతడు దాన్ని ఎవరికీ చూపించడం లేదు. ప్రవేశరుసుము ప్రతి నెలా కడుతున్నాడు, అంతే.

4. పేరంటం నుంచి రిటర్న్ గిఫ్ట్ దాకా

రుసుము వ్రాతపూర్వకమైన ఒత్తిడి. వ్రాతలో లేనిది ఇంకా బలమైనది. అది ఎక్కువగా స్త్రీల మీద పడుతుంది గనుక దానిని పేరంటం దగ్గర పరిశీలించడం సబబు.

సంప్రదాయ పేరంటంలో పసుపు, కుంకుమ, తాంబూలం, పండు, ఒక జాకెట్టు ముక్క ఇచ్చేవారు. ఆ జాకెట్టు ముక్క గొప్ప వస్తువు. దాన్ని కుట్టించుకునేవారు అరుదు. కొలతకు చాలదనీ రంగు నప్పదనీ అందరికీ తెలుసు. అది బీరువాలో కొన్నాళ్లుండి మరో నోములో మరొకరికి చేరేది. ఒక్కోసారి తిరిగి తిరిగి మొదట ఇచ్చినామె ఇంటికే వచ్చేది. ఆ రహస్యం అందరికీ తెలిసి, ఎవరూ పైకి అనకపోవడంలోనే దాని మర్యాద ఉంది. వస్తువు విలువ నామమాత్రం చేసి, ఇచ్చిపుచ్చుకోవడాన్ని మాత్రం నిలబెట్టిన ఏర్పాటు అది. ఖర్చుకు ఒక పైకప్పు వేసిన ఆచారం అనవచ్చు.

ఆ కాలాన్ని ఆదర్శీకరించడం నా ఉద్దేశం కాదు. పేరంటానికి కులం గీత ఉండేది. వితంతువుకు పిలుపు ఉండేది కాదు. ఆ నలుగురిలో చేరే అర్హత పుట్టుకతోనూ భర్త ప్రాణంతోనూ ముడిపడి ఉండేది. గేటెడ్ కమ్యూనిటీ వరలక్ష్మీ వ్రతానికి పక్క బ్లాకులోని పంజాబీ మహిళనూ పిలుస్తారు. ఈ మేలును కాదనలేం.

అయితే ఈ కొత్త పేరంటంలో జాకెట్టు ముక్క స్థానాన్ని రిటర్న్ గిఫ్ట్ ఆక్రమించింది. జర్మన్ సిల్వర్ పళ్లెం, జనపనార సంచి, ఇత్తడి దీపం – వీటిని యాభై, వంద చొప్పున కొంటారు. ఇది తిరిగే వస్తువు కాదు. ఎవరు ఇచ్చారో గుర్తుండే వస్తువు. దుకాణం తెలుసు, ధర తెలుసు. కిందటి నెల వచ్చినదానికి తగ్గకుండా ఇవ్వాలన్న నియమం ఎవరూ ప్రకటించలేదు, ఎవరూ ఉల్లంఘించరు. అన్నప్రాశన, ఓణీల వేడుక, పిల్లల పుట్టినరోజు – అన్నిటికీ ఇదే వరుస. ఫొటోలు ఆ సాయంత్రమే బ్లాకు వాట్సాప్ బృందంలో ఉంటాయి గనుక, రానివారికి కూడా ప్రమాణం ఎంత పెరిగిందో తెలుస్తుంది. ఇచ్చిన గృహిణిని అడిగితే, తనకు ఇదంతా ఇష్టం లేదనే చెబుతుంది. ఆ మాట అబద్ధం కాదు. ఎవరికీ ఇష్టం లేకుండా అందరూ పాటించే ప్రమాణాన్ని వ్యక్తుల అహంకారంతో వివరించలేం. మూడేళ్లకు అద్దెవారు మారతారు, ఐదేళ్లకు యజమానులు మారతారు. పరస్పరం తెలిసేంత కాలం ఎవరికీ దొరకదు. వ్యక్తి చేయలేని పరిచయాన్ని పళ్లెం చేస్తుంది. ఒక విధంగా ఇక్కడ అందరూ అగ్రహారం చేరిన గిరీశాలే, అతని కపటం లేకుండా.

ఈ పరిచయానికి రెండో ముఖం ఉండదు. చూసి అంచనా వేసేవారు వందల ఇళ్లు. ఉద్యోగం పోయిన నెలలో తలుపు తట్టి అడగగలిగినవారు ఎందరు? వాయిదా ఆగిపోయిన ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు ‘వేరే ఊరికి బదిలీ’ అని చెప్పుకోవడం సహజంగానే తోస్తుంది. తీర్పు మిగిలింది, భుజం తప్పుకుంది.

5. కనబడని పద్దు

సంపన్నుల ఒత్తిడి గురించి సానుభూతి ఎందుకన్న ప్రశ్న న్యాయమైనది. రైతు అప్పు మీద కథ రాసిన భాషలో విల్లా వాయిదా మీద వ్యాసమా అని ఎవరైనా అడగవచ్చు. సానుభూతి నా వాదం కాదు. ఆ ఒత్తిడి ఎటు ప్రవహిస్తుందో చూడాలన్నదే వాదం.

బయటికి కనిపించే భాగం వెలిగిపోతుండగా, ఇతరులు చూడని ఇంటి లోపలి భాగం వెలవెలబోతుందని వెబ్లెన్ గుర్తించాడు. కనిపించే పద్దులను తగ్గించలేనప్పుడు కోత కనబడని పద్దుల మీద పడుతుంది. అవి ఏవి? ఊళ్లో తల్లిదండ్రులకు పంపే సొమ్ము వాటిలో ఒకటి. ఎంత పంపారో బ్లాకులో ఎవరికీ తెలియదు. పనిమనిషి జీతం మరొకటి. పుట్టినరోజుకు వేదిక అలంకరించినవాడితో బేరం ఆడటం నామోషీ. ఐదు వందలు పెంచమన్న పనిమనిషితో బేరం ఆడటం నామోషీ కాదు; పైగా ‘రేటు పాడు చేయవద్ద’ని ఇరుగుపొరుగు హితవు చెబుతారు. రిటర్న్ గిఫ్ట్ విషయంలో పైకి మాత్రమే కదిలే ప్రమాణం జీతం విషయంలో కదలకుండా నిలుస్తుంది. రెండిటినీ నిలిపేది ఆ నలుగురే. కొన్ని సముదాయాలు పనివారికి లిఫ్టును కూడా వేరు చేశాయి.

ఐటీ జీవితం మీద వచ్చిన తెలుగు కథల్లో నేను చూసినంతలో ఒంటరితనం ఉంది, దూరమైన తల్లిదండ్రులున్నారు, అమెరికా ఉంది. పద్దు పుస్తకం దాదాపు లేదు. ఖర్చు నేపథ్యంగా వస్తుంది, కథాంశంగా రాదు. జయంతికి ఉన్న చూపు, అంటే చూడగలిగి పోటీలో లేని చూపు, ఇప్పుడు ఆ గేటు లోపలి నివాసులెవరికీ లేదు. అది రోజూ ఉదయం కాపలాదారు దగ్గర సంతకం పెట్టి, సంచీ తనిఖీ చేయించుకుని, వెనుక లిఫ్టులో పద్నాలుగో అంతస్తుకు వెళ్లే స్త్రీకి ఉంది. ఏ ఇంట్లో పాలు సగం ప్యాకెట్టుకు తగ్గాయో, ఏ ఇంట్లో పెట్టె విప్పని పళ్లాలు అటక మీద ఎన్ని పేరుకున్నాయో ఆమెకు తెలుసు.