మెఫీబోషెతు అసలు పేరు

బైబిలునందలి వంశావళులను తొందరగ దాటిపోవుట చదువరులలో పెక్కుర కలవాటు. నామముల నొక్కొక్కదానినే నిలిపి, తండ్రి పేరును ఊరి పేరును కలిపి చూచుచు చదువుట నాకు చిరకాలాభ్యాసము. అందువలన నాకు మిక్కిలి ఆప్తుడైనవాడు సౌలు మనుమడు, యోనాతాను కుమారుడు మెఫీబోషెతు.

తండ్రియు తాతయు గిల్బోవ కొండపై హతులైరను వార్త వచ్చిననాటికి వాని కైదేండ్లు. దాది యెత్తుకొని పరుగిడుచుండగా బాలుడు క్రిందపడి, రెండు కాళ్లును చెడి కుంటివాడయ్యెను. పిమ్మట లోదెబారులో మాకీరు ఇంట నుండిన వానిని దావీదు పిలిపించి, తాతగారి భూములను తిరిగి యిప్పించి, తన బల్లయొద్దనే నిత్యము భుజింపజేసెను.

అట్టివాని పేరులోని 'బోషెతు' అను హెబ్రీ పదమునకు సిగ్గు, అవమానము అని యర్థము. యోనాతానువంటి తండ్రి బిడ్డ కా పేరు పెట్టునా? దినవృత్తాంతముల మొదటి గ్రంథము, ఎనిమిదవ అధ్యాయములో వాని పేరు మెరీబ్బయలు. సౌలు కుమారుడైన ఇష్బోషెతు అచ్చట ఎష్బయలు. 'బయలు' అనగా ప్రభువు. అది కనానీయుల దేవత పేరుగా రూఢమగుటచే, తరువాతి లేఖకు లా శబ్దమును రోసి, దాని స్థానమున 'సిగ్గు' నుంచిరని పండితులలో అధికుల మతము. బోషెతు నిందాపదము కాదనియు, గౌరవమును తెల్పు అక్కాదు పదమునకు చుట్టమనియు వాదించువారును కలరు. కాని గిద్యోను మారుపేరైన యెరుబ్బయలు సైతము సమూయేలు గ్రంథములో ఎరుబ్బెషెతుగా మారుట చూచిన నాకు మొదటి మతమే సమంజసముగ తోచుచున్నది.

ఇంతమాత్రమున సౌలు వంశము విగ్రహారాధకమనుట తొందరపాటు. ఆనాటి ఇశ్రాయేలీయులు తమ దేవునే ప్రభువను నర్థమున బయలని పిలిచియుందురు. ఇక నట్లు పిలువరని హోషేయ ప్రవచించుటయే యందుకు సాక్ష్యము. ఏలా లోయ కెగువనున్న ఖిర్బెత్ కెయాఫాలో 2012లో దొరకిన కూజా పెంకుల నతికింపగా, కాల్చుటకు మునుపే పచ్చిమట్టిపై చెక్కిన 'బేదా కుమారుడు ఎష్బయలు' అను పేరు బయటపడినది. 2015లో ప్రకటితమైన ఆ లేఖనము దాదాపు మూడువేల యేండ్లనాటిది. ఇతడు సౌలు కుమారుడు కాడు. కాని యా పేరు నాడు జనుల వాడుకలో నుండెననుట కింతకన్న దగ్గఱి సాక్ష్యమేమి కావలెను?

పేరు మార్చిన లేఖకుని భక్తిని నేను శంకింపను. అయినను, బాల్యముననే కాళ్లు పోగొట్టుకొన్నవానికి అవమానమను పేరుకూడ అంటగట్టిన యా కలము నన్ను నొప్పించుచునే యున్నది. పాత పేరును చెఱుపక దించిన వంశావళికారునికి నేను ఋణపడియున్నాను; అతడు మెరీబ్బయలు సంతతిని మీకా మొదలుకొని తరతరములుగ లెక్కించి, విలుకాండ్రైన ఊలాము కుమారులవఱకు తెచ్చి, వారి కొడుకులును మనుమలును నూటయేబదిమందియని వ్రాసినాడు.