కారంపూడిలో కత్తి పట్టే తీరు

పల్నాడనగానే నాటుబాంబుల వార్తలే గుర్తొచ్చేవాళ్ళు ఒక్కసారి కార్తీక అమావాస్యకు కారంపూడి వెళ్ళి చూడాలి. అప్పుడు జరిగే పల్నాటి వీరుల ఉత్సవంలో ఐదు రోజులపాటు ఊరినిండా కత్తులే. ఒక్కటీ ఎదుటివాడి మీదికి లేవదు.

1182 ప్రాంతంలో గురజాల నలగామరాజు పక్షం, మాచర్ల మలిదేవుడి పక్షం తలపడింది ఇక్కడే, నాగులేటి ఒడ్డున. అన్నదమ్ముల పోరు అది. అటు నాయకురాలు నాగమ్మ, ఇటు బ్రహ్మనాయుడు. నాటి వీరుల పేరిట కొలిచే ఆయుధాలను కొణతాలంటారు. వాటిని వీరాచారవంతులు, అంటే ఆ వీరులను కొలిచేవాళ్ళు, తమ తమ ఊళ్ళనుంచి మోసుకొచ్చి, నాగులేటి నీళ్ళలో కడిగి, వీర్లగుడికి చేరుస్తారు. ఆయుధానికి స్నానం, బొట్టు, పూజ అన్నీ జరుగుతాయి. ఇంటిపెద్దకు జరిగినట్టే.

సాముగరిడి తెలిసినవాళ్ళకు అక్కడి కత్తిసేవ వింతగా తోస్తుంది. కర్రసాములో గురువు ముందు దిద్దేది అడుగు. మోకాళ్ళు కాస్త సడలించి, ఒంటి బరువును ఒక కాలిమీంచి మరో కాలికి మార్చడం పట్టుబడాలి. కర్ర తిరగాల్సింది మణికట్టుతో. భుజంతో తిప్పేవాడికి ఇట్టే ఆయాసం వస్తుంది. చూపు కర్రమీద కాదు, ఎదుటివాడి మీద నిలవాలి. జంటగా ఆడటం ఆ తరవాతే: ఒకరు కొట్టడం, ఒకరు కాచుకోవడం. దసరాకో, పీర్ల పండక్కో ఊరేగింపుల్లో మనం చూసి చప్పట్లు కొట్టేది ఈ విద్యనే.

కత్తిసేవలో ఆ ఎదుటివాడే లేడు. వాద్యాల హోరులో అడుగువేస్తూ వీరాచారవంతుడు కత్తిని తన రొమ్ముమీదికే తిప్పుకుంటాడు. పూనకమని తేల్చేస్తే సగమే చూసినట్టు. విసిరిన చెయ్యి సరిగ్గా ఎక్కడ ఆగాలో తెలియకపోతే ఆ సేవ ప్రాణంమీదికొస్తుంది. కొట్టడంకన్నా ఆపుకోవడమే కష్టమైన పని, ఏ సామైనా చివరికి నేర్పాల్సింది అదేనని నా అభిప్రాయం.

ఈ విద్యకు కథ కూడా కావాలి. వీరవిద్యావంతులనే గాయకులు పల్నాటి వీరుల కథ పాడేది అందుకే. దాన్ని అలిసెట్టి గాలెయ్య పాడగా విని అమెరికా పరిశోధకుడు జీన్ రోఘేర్ చేసిన ఇంగ్లీషు అనువాదం 1982లో అచ్చయింది. ఆ కథ తెలిసి చూస్తే ఉత్సవంలో ఓ చిత్రం కనబడుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని రోజుల వరస. కథలో మాత్రం ముందు కోడిపందెం, ఓడిన మలిదేవుడి పక్షానికి ఏడేళ్ళ వనవాసం, అక్కడ ఆలమందమీద దాడి, చివరికి ఆ పక్షాన అలరాజు రాయబారం. అంటే ఉత్సవం నడిమి మూడు రోజులూ కథను వెనక్కి నడిపిస్తాయి: చెడిన రాయబారంనుంచి పగ మొదలైన కోడిపుంజు దాకా. కల్లిపాడు నాటి యుద్ధం ఆ మర్నాడే. ఎవరు ఉద్దేశించి పెట్టారో, కాలక్రమాన అలా కుదిరిందో గానీ, కత్తి పట్టినవాడు పోరుకు ముందు దాని మూలం దాకా వెళ్ళి రావాల్సిందే.

మందపోరు రోజున చాపకూడు ఉంటుంది. బ్రహ్మనాయుడు కులాలన్నిటినీ ఒకే చాపమీద కూర్చోబెట్టి పెట్టించిన భోజనం అది. మాలవాడైన కన్నమదాసును కొడుకుగా చేరదీసి, సేనను అతని చేతికిచ్చినవాడూ ఆయనే. పల్నాటి కత్తి గురించి రాసేవాళ్ళు బ్రహ్మనాయుడి కొడుకు బాలచంద్రుడి దూకుడు దగ్గరే ఆగిపోతుంటారు. నన్నడిగితే మొదలుపెట్టాల్సింది కన్నమదాసు దగ్గర.