పరిచారకులను సిద్ధపరచే విద్య

క్రైస్తవ సంఘంలో పరిచర్య అంటే పాస్టరుగారి ప్రసంగమూ, బాప్తిస్మమూ, ప్రభురాత్రి భోజన సంస్కారమూ మాత్రమే కావు. ఆదివార పాఠశాలలో పిల్లలకు బైబిలు కథ చెప్పడం మొదలుకొని గాయక బృందంలో పాడడం, రోగులను పరామర్శించడం, గృహ కూడికలు నడపడం, కానుకలు లెక్కించడం, ఆరాధనకు ముందు చాపలు పరిచి దీపాలూ మైకూ సరిచూడడం వరకు విశ్వాసులు ప్రతిఫలం ఆశించకుండా చేసే పనులన్నీ దాని కిందికే వస్తాయి. తెలుగు జిల్లాల్లో ఒక పాస్టరేటు, అంటే ఒకే గురువు పర్యవేక్షణలో ఉండే సంఘాల సముదాయం, తరచుగా అనేక గ్రామాలకు విస్తరించి ఉంటుంది కనుక గురువు ఒక్కో గ్రామానికి ప్రతి ఆదివారమూ వెళ్లలేడు. ఆయన రాని ఆదివారాల్లో ఆ గ్రామంలో ఆరాధన జరుగుతున్నదంటే, జ్వరంతో పడుకున్న వారి ఇంటికి ఎవరో వెళ్లి ప్రార్థిస్తున్నారంటే, అది స్వచ్ఛందంగా పనిచేసే ఆ పరిచారకుల వల్లనే.

అయినా ఈ పరిచారకులను ఎంచుకోవడం, తర్ఫీదు ఇవ్వడం, పనిలో నిలబెట్టడం నేర్చుకోదగిన ఒక విద్య అన్న ఎరుక చాలా సంఘాల్లో బలహీనంగానే ఉంది. ఖాళీ ఏర్పడినప్పుడు కాదనలేని వారెవరో చూసి అడగడం, ఒప్పుకోగానే పాఠ్యపుస్తకం చేతికిచ్చి తరగతిలో వదలడం, ఆరు నెలల తరువాత వారు మానేస్తే భక్తి చల్లారిందని నిట్టూర్చడం అలవాటుగా మారింది. లోపం ఎక్కువ సందర్భాల్లో వారి భక్తిలో కాక అప్పగింతలోనే ఉంటుంది: పని ఇచ్చినప్పుడు ఆ పనికి సంబంధించిన నిర్ణయాధికారం ఇవ్వకపోవడం, అధికారం ఇచ్చిన చోట తోడు లేకుండా వదిలేయడం అనే రెండు పొరపాట్లలో ఏదో ఒకటి అక్కడ కనబడుతుంది.

బైబిలులో ఈ విషయాన్ని మొదట స్పష్టంగా చర్చించిన ఘట్టం నిర్గమకాండము 18వ అధ్యాయంలో ఉంది. ఉదయం నుండి సాయంత్రం వరకు ప్రజల వ్యాజ్యాలు ఒక్కడే తీరుస్తున్న మోషేను చూసి మామ యిత్రో ఇది మంచిది కాదనీ, నీవూ ఈ జనమూ కూడా నలిగిపోతారనీ హెచ్చరిస్తాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను నియమించమన్న సలహా అందరికీ గుర్తుంటుంది గాని, దానికి ముందున్న సలహా అంతగా గుర్తుండదు: దేవుని కట్టడలనూ నడవవలసిన మార్గాన్నీ చేయవలసిన పనినీ మొదట వారికి బోధించమని యిత్రో అంటాడు, ఆ తరువాతనే సామర్థ్యమూ దైవభక్తీ సత్యాసక్తీ ఉండి లంచాన్ని అసహ్యించుకునే వారిని ఏర్పరచుకోమంటాడు. ఇంకొకటి, ఆ అధిపతులు మోషే తీర్పులను చేరవేసే వార్తాహరులు కారు. చిన్న వ్యాజ్యాలలో తీర్పు వారిదే, కఠినమైనవి మాత్రమే పైకి రావాలి. ఈ నాయకత్వ పద్ధతిలో బోధన, ఎంపిక, అధికారం, కష్టం వచ్చినప్పుడు ఆశ్రయం అనే నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం మరో కోణం చూపుతుంది. యెరూషలేము సంఘంలో అనుదిన పంపకంలో గ్రీకు మాట్లాడే యూదుల విధవరాండ్రకు అన్యాయం జరుగుతున్నదని సణుగుడు పుట్టినప్పుడు, పన్నెండుమంది అపొస్తలులు ఆ పనిని తామే సర్దుకోవాలని చూడలేదు; ఏడుగురిని మీరే ఏర్పరచుకొనండని సంఘాన్ని కోరి, సంఘం ఎన్నుకున్నవారి మీద చేతులుంచి ప్రార్థించారు. స్తెఫను, ఫిలిప్పు మొదలుకొని నికొలాసు వరకు ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే కావడం చూస్తే, నష్టపోయిన వర్గం నుండే పరిచారకులను ఎంచుకున్నారని ఊహించడానికి ఆస్కారముంది. ఎవరి కోసం పని జరుగుతున్నదో వారికే ఆ పని నడిపే అధికారం ఇవ్వడానికి ధైర్యం కావాలి. ఈనాటి పాస్టరేటు కమిటీలు ఆ ధైర్యాన్ని ఎక్కువగా అలవరచుకోవలసి ఉంది.

సంఘ చరిత్రలో తోడు విలువను చాటిన సంఘటన ఒకటి 1742లో ఇంగ్లండులోని బ్రిస్టలులో, అదీ ఒక అప్పు కారణంగా జరిగింది. ప్రార్థనా మందిరం మీద ఉన్న అప్పు తీర్చడానికి మెథడిస్టు ఉద్యమ నాయకుడైన జాన్ వెస్లీ అనుచరులు తలకు వారానికి ఒక పెన్నీ ఇవ్వాలని నిర్ణయించినప్పుడు, బీదలు ఇవ్వలేరన్న అభ్యంతరం వచ్చింది. దానికి ఒక సభ్యుడు లేచి, అందరికంటే బీదలైన పదకొండుమందిని తనకు అప్పగించమనీ, వారు ఇవ్వలేనిది తాను చెల్లిస్తాననీ, మిగతావారు కూడా అలాగే చేయాలనీ ప్రతిపాదించాడు. పన్నెండుమంది గల ఒక్కో గుంపుకు ఒక నాయకుడు ఏర్పడి, పెన్నీ కోసం ఇల్లిల్లూ తిరగడంతో ఆ ఇళ్లలోని వ్యసనాలూ కలహాలూ దుఃఖాలూ తెలిసివచ్చాయి. ఆత్మీయ కాపుదలకు తాను వెదకుతున్న మార్గం ఇదేనని వెస్లీ గ్రహించాడు. ఆ నాయకులు వారానికొకసారి సేవకుణ్ణి కలుసుకొని, ఎవరు రోగంతో ఉన్నారో, ఎవరు దారి తప్పుతున్నారో తెలియజేయాలన్న నియమం కూడా ఏర్పడింది. ఇతరులను కనిపెట్టే వారిని కనిపెట్టేవాడు ఒకడు ఉండాలన్న ఆ నియమం, ఈ పద్ధతి నిలదొక్కుకోవడానికి ముఖ్యకారణాల్లో ఒకటి అనవచ్చు. హైదరాబాదు, మెదకు ప్రాంతాలకు వచ్చిన వెస్లియన్ మిషను ఈ సంప్రదాయానికి చెందినదే. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఆ వారసత్వం ఆంగ్లికన్ వారసత్వంతో కలిసింది.

ఆ ఆంగ్లికన్ వారసత్వంలో తెలుగు నేలకు అత్యంత సన్నిహితమైన పేరు వేదనాయకం శామ్యూల్ అజరయ్యది. తిరునెల్వేలి ప్రాంతపు తమిళుడైన ఆయన 1909లో మిషనరీగా దోర్నకల్లుకు వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో అభిషేకం పొంది భారతీయులలో తొలి ఆంగ్లికన్ బిషప్పు అయ్యాడు. 1945 జనవరి 1న మరణించే వరకు దోర్నకల్ అధ్యక్ష మండలాన్ని నడిపాడు. ఆయన పని ఎక్కువగా మాల, మాదిగ పల్లెల మధ్య సాగింది. పగలంతా పొలాల్లో కూలి చేసే ఆ విశ్వాసులలో చాలామందికి అక్షరాలు రావు. ఇలాంటి చోట సాక్ష్యమివ్వడం, బోధించడం చదువుకున్న కొద్దిమంది పని అనుకోవడం సులభం. అజరయ్య దానికి విరుద్ధమైన మార్గం ఎంచుకున్నాడు: బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చేయి ఉంచుకొని, తాము బాప్తిస్మం పొందిన క్రైస్తవులమనీ, సువార్త ప్రకటించకపోతే తమకు శ్రమ అనీ పౌలు మాటల భావాన్ని పలికే ఆచారం నెలకొల్పాడు. సంఘంలో చేరడమూ సేవకు నియమితులు కావడమూ వేరువేరు ఘట్టాలు కావన్న నమ్మకం ఆ ఆచారంలో ఉంది. ఏటా సాక్ష్య వారం పేరిట పల్లె విశ్వాసులు గుంపులుగా పొరుగూళ్లకు వెళ్లి, పాటలతో, తమ మార్పును గురించిన సొంత మాటలతో సువార్త చెప్పేవారు. అక్షరం రాని వారికి కీర్తన పాఠ్యపుస్తకమైంది; అది నేర్పడం కూడా తర్ఫీదే.

దోర్నకల్ పద్ధతిలో నేటివారు తప్పక గమనించవలసిన అంశం మరొకటి ఉంది. గ్రామ ఉపాధ్యాయుడు, అంటే పగలు పిల్లలకు బడి, రాత్రి పెద్దలకు ప్రార్థన నడిపే సేవకుడు, భార్యతో కలిసి తర్ఫీదు పొందాలన్నది అజరయ్య పట్టుదల. పల్లెలో స్త్రీల మధ్య పరిచర్య ఆమె లేకుండా సాగదనీ, శిక్షణ ఇవ్వకుండా ఆమె మీద ఆ భారం వేయడం అన్యాయమనీ ఆయన ఎరుగును. స్త్రీల మైత్రి కూటమిలో ప్రసంగించేది, వంటలు చూసేది, ఆదివార పాఠశాలలో అధిక భాగం మోసేది స్త్రీలే అయి ఉండి, శిక్షణకు మాత్రం పురుషులనే పంపే సంఘాలు ఇప్పటికీ ఉండడం బాధ కలిగించే విషయం.

వేసవి సెలవుల బైబిలు పాఠశాల, వాడుకలో వి.బి.ఎస్., తర్ఫీదూ తోడూ ఎంత అవసరమో పరీక్షించి చూడదగిన చోటు. ఏప్రిల్, మే నెలల్లో ఇంటరు, డిగ్రీ చదివే యువతీయువకులు ఎర్రటి ఎండలో ఎంత ఉత్సాహంతో బోధిస్తారో ఎరిగిన సంఘం, జూన్ రాగానే వారిలో చాలామంది ఆదివార పాఠశాలకు రాకపోవడాన్ని కూడా ఎరుగును. దీన్ని యవ్వన చాపల్యంగా కొట్టివేయడం న్యాయం కాదు. వి.బి.ఎస్.కు ముందు వారికి శిక్షణ కూటం ఉంటుంది, పాఠం ముందుగా చేతికి వస్తుంది, అభినయ గీతాలు ఒకరు నేర్పుతారు, తరగతిలో పక్కన మరొకరు ఉంటారు, రోజు ముగిశాక అందరూ కూర్చుని మరునాటి పని మాట్లాడుకుంటారు, చివరి రోజున సంఘమంతా వచ్చి పిల్లల కార్యక్రమం చూస్తుంది. మామూలు ఆదివారం నాడు వీటిలో ఏదీ ఉండదు. అరలో ఒక పాత పుస్తకం, ఎదురుగా వేర్వేరు వయసుల పిల్లలు మాత్రమే ఉంటారు. వేసవిలో వారికి అందిన సహాయంలో సగమైనా సంవత్సరం పొడవునా అందిస్తే వారిలో ఎందరో నిలబడతారు.

ఆ సహాయానికి డబ్బు కంటే క్రమం ఎక్కువ కావాలి. కొత్తగా వచ్చిన వ్యక్తి మొదట కొన్ని వారాలు అనుభవజ్ఞుడైన ఉపాధ్యాయుని పక్కన కూర్చుని చూడాలి, తరువాత కంఠత వాక్యమో పాటో నేర్పాలి, ఆపైన పెద్దవారు పక్కన ఉండగా పూర్తి పాఠం చెప్పాలి, అప్పుడే తరగతిని తన చేతిలోకి తీసుకోవాలి. పాఠం ముగిసిన వెంటనే జరిగే పది నిమిషాల సంభాషణ, అంటే ఏది పిల్లలకు అందింది, ఎక్కడ వారి కళ్లు పక్కకు తిరిగాయి అన్న ముచ్చట, రోజంతా సాగే సెమినారు కంటే ఎక్కువ నేర్పుతుంది. అయితే ఆ మాటలు తప్పులెంచే ధోరణిలో ఉంటే మరుసటి వారం ఆ యువకుడు రాడు. పిల్లలతో పనిచేసే చోట ఎప్పుడూ ఇద్దరు పెద్దలు ఉండాలనీ, కానుకలను ఇద్దరు కలిసి లెక్కించి సంతకం చేయాలనీ నియమం పెట్టడం అపనమ్మకం కాదు, పిల్లలనూ పరిచారకులనూ కాపాడే కట్టుబాటు.

అధికారం విషయంలో మాత్రం చాలా సంఘాలు వెనుకాడతాయి. యువజన సహవాసానికి బాధ్యత అప్పగించి, పాట ఎంపిక నుండి పందిరి గుడ్డ రంగు వరకు సంఘ పెద్దలే నిర్ణయిస్తే, ఆ యువకులు నేర్చుకునేది పరిచర్య కాదు, ఆజ్ఞాపాలన మాత్రమే. చిన్న మొత్తమైనా బడ్జెటు వారి చేతికిచ్చి, లెక్క అడిగి, వారి నిర్ణయం పెద్దలకు నచ్చకపోయినా హాని లేనిదైతే జరగనివ్వడం అవసరం. ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం ప్రకారం కాపరుల పని పరిశుద్ధులను పరిచర్యకు సిద్ధపరచడం. ఆ లెక్కన గురువు సామర్థ్యాన్ని ఆయన ప్రసంగాల్లో కాక, ఆయన బదిలీ అయిన తరువాత ఆ గ్రామాల్లో నడుస్తున్న కూడికల్లో వెదకాలి.

పరిచర్య నుండి విరమించే దారి కూడా గౌరవప్రదంగా ఉండాలి. ఇరవై ఏళ్లుగా ఒకే తరగతి చెబుతున్న ఉపాధ్యాయినికి విశ్రాంతి అడగడమే అపరాధంగా తోచే వాతావరణంలో, కొత్తవారు ఒప్పుకోవడానికి భయపడతారు. ఒకసారి ఒప్పుకుంటే బయటికి రాలేమని వారు చూస్తూనే ఉంటారు. నియామకం ఒక ఏడాదికో రెండేళ్లకో అని మొదటే చెప్పి, గడువు చివర గురువు స్వయంగా కూర్చుని కొనసాగుతారా, మరో పని చేస్తారా, కొంతకాలం ఆగుతారా అని అడిగి, ఆగదలచిన వారిని ఆరాధనలో ముందుకు పిలిచి కృతజ్ఞతతో ప్రార్థించి పంపడం ఏ పాస్టరేటుకైనా సాధ్యమే. ఏటా కొత్త కమిటీ తొలి సమావేశంలో ప్రతి పరిచర్యకు నాయకుడి పేరు పక్కన, అతని దగ్గర నేర్చుకుంటున్న వ్యక్తి పేరు కూడా రాయాలని నియమం పెట్టుకుంటే, ఆ రెండో గడి ఖాళీగా ఉన్న చోటే గురువు ఆ సంవత్సరం ఎక్కువ సమయం గడపవలసిన చోటని తెలిసిపోతుంది.