ఖర్జూరమా, ఈతా?

ఆలంపూర్ చౌరస్తా దగ్గర ఒక వెంచర్ గేటుకు అటూ ఇటూ నాటిన చెట్లను చూసి ఏం చెట్లని అడిగితే, "ఖర్జూరం సార్, మంచి రేటు పెట్టి తెప్పించినం" అన్నాడు వాచ్‌మన్. అవి ఈతలు. తుంగభద్ర వైపు ఒర్రెల పొంటి ఎవరూ నాటకుండానే మొలిచే ఈతలు! ఫ్లోరిడాలోనూ ఇదే చెట్టును సిల్వెస్టర్ పామ్ అంటూ రోడ్ల పక్కన నాటుకుంటున్నారు కాబట్టి, డబ్బు పెట్టినందుకు వెంచర్ వాళ్లను తప్పుపట్టను. పేరు తెలిస్తే చాలు.

నేను ముందు మొదలు చూస్తాను. చుట్టూ పిలకలుంటే ఖర్జూరం. లేకపోతే ఈత కావచ్చు. కావచ్చు అనే అంటాను, పిలకలు కోసేసి అమ్మేవాళ్లూ ఉంటారు మరి. ఆ తర్వాత మట్ట. ఈతాకులు గుంపులుగా, తలా ఒక దిక్కుకు తిరిగి ఉంటాయి. తల గుండ్రంగా, గుబురుగా కనిపిస్తుంది. కెనరీ దీవుల ఖర్జూరమైతే పచ్చదనం ఎక్కువ, కాండం మీటరు దాకా లావెక్కుతుంది. కుండీల్లో పెంచే మరుగుజ్జు రకం మెకాంగ్ తీరాలది, దాని ఆకు మెత్తన. వీటన్నిటికీ మట్ట అడుగున ఆకులే ముళ్లవుతాయి. ఆకు దోనెలా పైకి మడిచి ఉంటుంది. కొబ్బరాకు మడత కిందికి.

కల్లు గీసిన ఈతను మాత్రం ఎవరైనా గుర్తుపడతారు. ఈ జాతి కాండానికి గాయాన్ని పూడ్చుకునే పొర లేదు, గౌడు పెట్టిన గాటు చెట్టు ఉన్నన్నాళ్లూ ఉంటుంది. ఒక ఏడు ఒక వైపు, మరుసటేడు ఎదురు వైపు గీస్తారు కాబట్టి కాండం వంకర్లు తిరుగుతూ పైకి పోతుంది. గాట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో చెప్పొచ్చు. తోటల కాంట్రాక్టర్లు తిన్నని చెట్టే కావాలంటారు. నన్నడిగితే వాకిట్లో ఆ వంకర చెట్టే నిలబెడతాను.

గింజ నుంచి పెంచేవాళ్లకు ఓపిక కావాలి. మొలకెత్తడానికే రెండు మూడు నెలలు. మొదట వచ్చే ఒంటి ఆకు అచ్చం గడ్డిపోచ, కలుపు తీసేవాళ్లు పీకిపారేస్తారు. ఆడో మగో పూత వచ్చేదాకా తెలియదు. పెద్ద చెట్టును తెచ్చి నాటేవాళ్లు మట్టల్ని మొవ్వు చుట్టూ కట్టి తేవాలి, పాత మట్టం కంటే లోతుగా పాతిపెట్టకూడదు. ఒర్రెలో నీళ్లడగని చెట్టే అయినా, వేళ్లు తెగి వచ్చింది కాబట్టి మొదటి ఏడాది తడి ఆరనివ్వొద్దు.

ఇక కత్తిరింపు. అందం కోసమని పచ్చి మట్టలన్నీ నరికి నెత్తిన పిలక మిగిల్చే పద్ధతి చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. చెట్టు తిండి ఆ మట్టల్లోనే ఉంది. పైగా పచ్చి కోత వాసనకు ఎర్రముక్కు పురుగు వస్తుంది, లోపల తొలుస్తుంది. మొవ్వు వాలి మనకు తెలిసేసరికి చేయడానికి పెద్దగా ఏమీ మిగలదు. పూర్తిగా ఎండిన మట్టనే, అదీ కాండానికి కొంచెం ఎడంగా కోయండి.