మహాగని చేతుల కుర్చీ

పాతకాలపు ఇంగ్లీషు చేతుల కుర్చీ కనబడితే ముందు దాని వీపు చూడండి. 1754లో వడ్రంగి థామస్ చిప్పెండేల్ లండన్‌లో అచ్చువేసిన నమూనాల పుస్తకంలో, కొన్ని కుర్చీల వీపు పలక రిబ్బను ముడిలా మెలికలు తిరిగి ఉంటుంది. అంత సన్నగా చెక్కినా చెక్క నిలిచిందంటే సగం ఘనత మహాగనిదే. నార దట్టం, పురుగు సులువుగా పట్టదు, ఉలికి చక్కగా లొంగుతుంది. 1721లో బ్రిటన్ అమెరికా వలసల కలప మీద సుంకం ఎత్తేశాక జమైకా మహాగని వడ్రంగుల చేతికి ధారాళంగా అందింది. ఆ మానులను నరికింది బానిసలు. ఆ సంగతి దాటేసి కుర్చీని మెచ్చుకోవడం నాకు చేతకాదు.

మిగతా సగం ఘనత పనివాడిది. వంపు తిరిగిన ముందు కాలును ఒకే దిమ్మలోంచి తొలిచి తీస్తాడు. చట్రం కొసను కాలిలోని బెజ్జంలోకి దిగ్గొట్టి బిగిస్తాడు. పట్టు అంతా ఆ అతుకులోనే ఉంది.

ఇంగ్లీషు వడ్రంగి హెపుల్‌వైట్ పోయాక 1788లో ఆయన భార్య ఆలిస్ అచ్చువేయించిన నమూనాల పుస్తకం నాటికి వీపు డాలు ఆకారానికి వచ్చింది, కాలు సన్నబడి నిటారైంది.

ఫ్రాన్సులో కుర్చీలను ఎక్కువగా బీచ్ చెక్కతో చేసి, రంగో బంగారు పూతో వేసేవారు. పారిస్‌లో జార్జ్ జాకోబ్ ఇంగ్లీషువారి దారి పట్టి, మహాగని కుర్చీలు చేసి చెక్క అందాన్ని పూత కింద దాచకుండా చూపాడు. నా ఓటు ఆయనకే. బంగారు పూత కంటే ఆ ఎర్రని నార నిగారింపే గొప్ప అలంకారం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరపు ఫర్నిచర్ ఉంది. వెళ్తే దాని ముందు కాసేపు ఆగండి.