తెర మీద నలుగురు, లెక్కల్లో ఇద్దరు

అమెరికా టెలివిజన్ కంపెనీలకు పాత సీరియళ్ళను మళ్ళీ తీయడం బాగా అచ్చొచ్చిన వ్యాపారం. పేరు పాతదే, పాత్రలు పాతవే, టైటిల్ సంగీతం కూడా పాతదే. ముఖాలు మాత్రం మారతాయి. ముఖాలు మారాయి గనక కాలం మారిందని చెప్పుకుంటారు. అది నిజమో కాదో తెర చూసి తేల్చలేం. కథ ఎవరి చుట్టూ తిరుగుతోంది, ఎవరి చేతికి ఎంత డబ్బు ముడుతోంది, ఈ రెండూ కలిపి చూస్తేనే తెలుస్తుంది. సిబిఎస్ సంస్థ 2010లో మళ్ళీ మొదలుపెట్టిన పోలీసు సీరియల్ ‘హవాయి ఫైవ్-ఓ’ను అట్లా చూడాల్సిన అవసరం ఉంది.

సంగతి ఇదీ. ఈ సీరియల్‌లో మొదటి భాగం నుంచీ నలుగురు ముఖ్యులు. దళనాయకుడు స్టీవ్ మెక్‌గారెట్‌గా అలెక్స్ ఒలాక్లిన్, అతని జోడీ డానోగా స్కాట్ కాన్. ఇద్దరూ తెల్లవాళ్ళు. చిన్ హో కెలీగా డానియల్ డే కిమ్, కోనో కలాకౌవాగా గ్రేస్ పార్క్. ఇద్దరూ కొరియా మూలాలున్నవాళ్ళు. ఏడు సీజన్లు నలుగురూ కలిసి పనిచేశారు. ఎనిమిదో సీజన్ కాంట్రాక్టుల దగ్గర కిమ్, పార్క్ మిగతా ఇద్దరితో సమానమైన జీతం అడిగారని, సంస్థ చివరికి ఇస్తానన్న మొత్తం ఆ ఇద్దరి జీతం కంటే 10 నుంచి 15 శాతం తక్కువని ‘వెరైటీ’ పత్రిక రాసింది. ఒలాక్లిన్, కాన్‌లకు జీతం కాక లాభాల్లో వాటా కూడా ఉందని రాసింది. బేరం కుదరలేదు. 2017 జూన్ 30న కిమ్, పార్క్ వెళ్ళిపోతున్నారన్న వార్త బయటికొచ్చింది.

కొద్దిరోజులకే కిమ్ ఒక ప్రకటన చేశారు. తాను కొనసాగడానికి సిద్ధంగానే ఉన్నాననీ, కొత్త కాంట్రాక్టు షరతుల మీద ఒప్పందం కుదరలేదనీ, సమానత్వానికి పోయే దారి సులువుగా ఉండదనీ ఆ ప్రకటన సారాంశం. పార్క్ అప్పుడేమీ మాట్లాడలేదు. 2018లో మాత్రం, తన ఆత్మగౌరవానికి ఏది మేలో అదే ఎంచుకున్నానన్న అర్థం వచ్చేట్టు క్లుప్తంగా చెప్పారు.

సిబిఎస్, నిర్మాత పీటర్ లెంకోవ్ ఇచ్చిన జవాబు చూడండి. వాళ్ళను పోగొట్టుకోవాలని మాకు లేదు, జీతం భారీగా పెంచుతామన్నాం అని సంస్థ అంది. సంస్థ ఎంతో ఉదారంగా వ్యవహరించింది, ఇంతకుముందెన్నడూ లేనంత పెంపు ఇస్తామన్నా వాళ్ళే వెళ్ళిపోయారు అని లెంకోవ్ అన్నారు. ఇక్కడొక మాట మారిపోయింది. అడిగినవాళ్ళు ‘సమానం’ అన్నారు. ఇచ్చేవాళ్ళు ‘పెంపు’ అన్నారు. పెంపును నిన్నటి జీతంతో పోలుస్తారు. సమానత్వాన్ని పక్కవాడి జీతంతో పోలుస్తారు. నిన్నటి కంటే ఎంత పెంచినా, పక్కవాడి కంటే తక్కువ ఉంచడం సాధ్యమే. ఉదారత అనే మాట కూడా గమనించాలి. ఔదార్యం ఇచ్చేవాడి గుణం, హక్కు అడిగేవాడి సొత్తు. హక్కు అడిగినవాడికి ఔదార్యం చూపించి, పుచ్చుకోలేదు గాబట్టి కృతఘ్నుడని అనిపించడం యజమానులకు పాత విద్యే.

పది, పదిహేను శాతమే గదా, దానికోసం ఇంత రాద్ధాంతం ఎందుకని అనేవాళ్ళుంటారు. ఈ ప్రశ్న నటుల్ని కాదు, సంస్థని అడగాలి. అంత చిన్న తేడాను అంత పెద్ద సంస్థ ఎందుకు పూడ్చలేకపోయింది? డబ్బు లేక కాదు. ఆ తేడా ఖర్చు లెక్క కాదు గాబట్టి, అంతస్తు గుర్తు గాబట్టి. తేడా ఎంత చిన్నదైతే దాన్ని పట్టుకుని వేలాడడం అంత పెద్ద రాజకీయం.

ఈ అంతస్తు జీతాల పట్టీలో పుట్టింది కాదు. కథలోనే ఉంది. ‘ఫైవ్-ఓ’ అంటే యాభై. హవాయి 1959లో అమెరికాకు 50వ రాష్ట్రమైంది. అంతకుముందు అదొక రాజ్యం. 1893లో తెల్ల వ్యాపారులు, చెరకు తోటల ఆసాములు అమెరికన్ నౌకాసైనికుల అండ చూసుకుని రాణి లిలియుఒకలానిని గద్దె దించారు. 1895లో ఆమెను ఇయొలాని ప్యాలెస్‌లోనే బందీ చేశారు. 1898లో అమెరికా ఆ దీవుల్ని కలిపేసుకుంది. 1968 నుంచి 1980 వరకు నడిచిన పాత సీరియల్‌లో మెక్‌గారెట్ ఆఫీసు ఎక్కడో తెలుసా? ఆ ప్యాలెస్సే. రాణిని బంధించిన ఇంట్లో కూర్చుని తెల్ల అధికారి ఆ దీవుల నేరాలను అదుపు చేస్తాడు. కోనో ఇంటిపేరు కలాకౌవా. అది లిలియుఒకలాని కంటే ముందు ఏలిన రాజు పేరు. రాజు పేరు పెట్టి పోలీసు దళంలో కింది వరసలో నిలబెట్టారు.

పాత సీరియల్ నటవర్గం కూడా ఇదే వరస. మెక్‌గారెట్‌గా జాక్ లార్డ్, డానోగా జేమ్స్ మెకార్థర్, ఇద్దరూ తెల్లవాళ్ళు. చిన్ హో పాత్ర వేసిన కామ్ ఫాంగ్ నిజజీవితంలో 16 ఏళ్ళు హోనలూలు పోలీసు శాఖలో పనిచేసినవాడు. నిజమైన పోలీసు తెర మీద నకిలీ పోలీసుకు ‘ఎస్ సర్’ చెప్పాడు. కోనోగా వేసిన జులూ హవాయి మూలవాసి, నాలుగు సీజన్లకే బయటికెళ్ళాడు. ఇక చైనా గూఢచారి వో ఫాట్ పాత్ర వేసిన కాయ్ డీ న్యూజెర్సీలో పుట్టినవాడు, చైనీయుడు కాదు. జపాన్ మూలాల పాత్రకు మెక్సికన్ నటుడు రికార్డో మోంటల్బాన్‌ను పెట్టిన సందర్భమూ ఉంది. తెల్లవాడి పాత్ర తెల్లవాడికే. మిగిలిన పాత్రలు ఎవరితోనైనా నింపొచ్చు.

2010లో ఇది మారిందన్నారు. కొంత మారింది, కాదనను. కోనోను స్త్రీ పాత్ర చేశారు. వో ఫాట్‌గా హోనలూలులో పుట్టిన మార్క్ డకాస్కోస్‌ను తీసుకున్నారు. కిమ్, పార్క్‌లకు ముఖ్య పాత్రలు దక్కాయి. కానీ మొదటి భాగం కథ గుర్తుచేసుకోండి. తండ్రి హత్య తర్వాత మెక్‌గారెట్ దీవికి తిరిగొస్తాడు. గవర్నర్ అతన్ని పిలిచి దళం అప్పగిస్తుంది. చిన్ హో అవినీతి ఆరోపణతో పోలీసు ఉద్యోగం పోగొట్టుకున్నవాడు. అతన్ని నమ్మి పిలిచేది మెక్‌గారెట్. కోనో అప్పుడే శిక్షణ పూర్తిచేసిన కొత్త పిల్ల. ఆమెకూ అవకాశమిచ్చేది మెక్‌గారెట్. మెక్‌గారెట్‌కు తండ్రి, పగ, గతం ఉన్నాయి. డానోకు విడిపోయిన భార్య, కూతురు, న్యూజెర్సీ ఉన్నాయి. ఇద్దరి మధ్య వాదులాట సీరియల్‌కు ప్రాణం. స్థానికులిద్దరూ వాళ్ళ దయవల్ల దళంలోకి వచ్చినవాళ్ళు. దయ చూపేవాడికీ దయ పొందేవాడికీ ఒకే జీతం ఏమిటని సంస్థకు అనిపించిందంటే, ఆ ఆలోచన మొదటి స్క్రిప్టులోనే ఉంది.

మార్కెట్ వాదన ఒకటి వినిపిస్తారు. ఒలాక్లిన్ లేకపోతే సీరియల్ లేదు, కాబట్టి ఆయనకెక్కువ. నిజంగానే కిమ్, పార్క్ వెళ్ళాక సీరియల్ ఇంకో మూడు సీజన్లు నడిచింది, ఒలాక్లిన్ వెళ్ళిపోదామనుకున్నప్పుడు 2020 ఏప్రిల్‌లో ముగిసింది. కానీ ఈ విలువ ఆకాశం నుంచి ఊడిపడిందా? పదేళ్ళు ప్రతి కథనూ ఒకరి చుట్టూ రాసి, ఆ ఒక్కరు లేకపోతే కథ లేదంటే అది మార్కెట్ తీర్పు కాదు. రాసినవాళ్ళ తీర్పు. పాత్రను పక్కన పెట్టింది వాళ్ళే, పక్క పాత్రకు ధర తక్కువ అన్నదీ వాళ్ళే.

ఈ వివాదాన్ని హాలీవుడ్ కబురుగా చూసినవాళ్ళు ఒక చరిత్ర మర్చిపోయారు. సమాన జీతం ప్రశ్న ఆ దీవికి కొత్త కాదు. హవాయి చెరకు తోటల్లో జాతిని బట్టి కూలి ఉండేది. ఒకే తోట, ఒకే పని. పోర్చుగీసు కూలీకి నెలకు 22.50 డాలర్లు, జపాన్ కూలీకి 18 డాలర్లు. 1909లో ఒవాహు దీవిలో జపాన్ కూలీలు సమాన కూలి అడుగుతూ నెలల తరబడి సమ్మె చేశారు. ఆసాములు ఏం చేశారు? ఇతర జాతుల కూలీలను తెచ్చి ఆ చేలల్లో దించారు. సమ్మె విరిగింది. 2017లో కిమ్, పార్క్ వెళ్ళాక సిబిఎస్ ఏం చేసింది? న్యూజీలాండ్‌కు చెందిన సమోవా మూలాల నటుడు బ్యూలా కొవాలేనూ, కెనడా నటి మేగన్ రాత్‌నూ తెచ్చింది. ఆ వచ్చినవాళ్ళను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. పని వెతుక్కోవడం నేరం కాదు. తెర మీద వైవిధ్యం తగ్గలేదు, అడిగినవాళ్ళు మాత్రం లేరు. వైవిధ్యం ఉన్నంత మాత్రాన సమానత్వం ఉన్నట్టు కాదు. ఒక్కోసారి సమానత్వం అడిగిన నోటిని మూయడానికే వైవిధ్యం పనికొస్తుంది.

ఇక్కడితో ఆగితే సగమే చెప్పినట్టు. కిమ్, పార్క్‌ల కింద ఇంకో మెట్టు ఉంది. 1968లో కోనో పాత్ర హవాయి మూలవాసికి దక్కింది, చిన్న పాత్రే అయినా. 2010లో ఆ పాత్ర పెద్దదైంది, దానితోపాటు మూలవాసి చేయిదాటిపోయింది. కలాకౌవా పేరు కొరియా మూలాలున్న నటికి వచ్చింది. అమెరికన్ నిర్మాతల లెక్కలో తెల్లవాళ్ళు కానివాళ్ళంతా ఒకటే. కామ్ ఫాంగ్ కొడుకు డెనిస్ చున్ కొత్త సీరియల్‌లో సార్జెంట్ డ్యూక్‌గా చిన్న పాత్రలో కనిపించాడు. ఆ దీవుల జైళ్ళలో మూలవాసుల వాటా వాళ్ళ జనాభా వాటా కంటే ఎక్కువని హవాయి వ్యవహారాల కార్యాలయం 2010లోనే నివేదిక ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో మొదలైన పోలీసు సీరియల్‌కు అది కథావస్తువు కాలేదు.

అంబేద్కర్ శ్రేణీకృత అసమానత గురించి చెప్పింది కులాన్ని దృష్టిలో పెట్టుకుని. అమెరికా జాతి వివక్ష, కులం ఒకటే అనడం రెంటికీ అన్యాయం. కానీ మెట్లు ఎట్లా నిలబడతాయో చూడడానికి ఆ మాట పనికొస్తుంది. ప్రతి మెట్టు మీద ఉన్నవాడికీ పై మెట్టు మీద కోపముంటుంది, కింద మెట్టు ఉన్నందుకు కాస్త ఊరటా ఉంటుంది. ఆ ఊరటే మెట్లను కాపాడుతుంది. కిమ్, పార్క్‌ల డిమాండును బలపరచడానికి, కోనో పాత్ర ఎవరిదన్న ప్రశ్నను దాచిపెట్టాల్సిన పనిలేదు. రెండూ కలిపి అడిగితేనే డిమాండు నిలుస్తుంది.

అట్లా కలిపి అడిగిన సందర్భాలు లేకపోలేదు. 1909లో ఒక్క జాతివాళ్ళే సమ్మె చేశారు, ఓడిపోయారు. 1920లో జపాన్, ఫిలిప్పీన్స్ కూలీలు కలిసి దిగారు. అప్పుడూ గెలవలేదు. 1946లో అన్ని జాతుల చెరకు కార్మికులూ ఒకే యూనియన్ కింద 79 రోజులు సమ్మె చేసి గెలిచారు. టెలివిజన్‌లోనూ ఉదాహరణ ఉంది. ‘ఫ్రెండ్స్’ సీరియల్ ఆరుగురు నటులు 1996లో విడివిడిగా బేరమాడకుండా ఒక్కటై కూర్చుని సమాన జీతం తెచ్చుకున్నారు. అక్కడ ఎక్కువ జీతమున్నవాళ్ళు తక్కువ జీతమున్నవాళ్ళ పక్కకొచ్చి నిలబడ్డారు. ఆ ఆరుగురూ తెల్లవాళ్ళేనన్నది కూడా గుర్తుంచుకోవాలి. జాతి అడ్డంలేని చోట సాధ్యమైంది, ఉన్నచోట ఎందుకు కాలేదు?

కిమ్ ఓడిపోయారని చెప్పలేం. ఆయన నిర్మాణ సంస్థ కొరియా సీరియల్ హక్కులు తెచ్చి తీసిన ‘ది గుడ్ డాక్టర్’ను ముందు సిబిఎస్‌కే చూపిస్తే వద్దంది. ఏబీసీలో 2017 సెప్టెంబర్‌లో మొదలై 2024 వరకు నడిచింది. అయితే అది ఒక మనిషి దారి వెతుక్కోవడం. అందరికీ అమెరికాలో నిర్మాణ సంస్థలుండవు. సెట్ మీద లైట్లు మోసేవాడికి, గుంపులో నిలబడే మూలవాసికి బయటికెళ్ళడమంటే పని పోవడమే.

అందుకే ‘మనవాళ్ళు తెర మీద కనిపించారు’ అన్న సంతోషంతో విమర్శ ఆగిపోకూడదు. ఎవరు కనిపించారన్న తర్వాత, కథలో ఎవరు ఎవరికి అవకాశమిచ్చారని అడగాలి. తర్వాత జీతాల పట్టీ అడగాలి. ఆ తర్వాత, ఆ పట్టీలో పేరే లేనివాళ్ళెవరని అడగాలి. చివరి ప్రశ్న సంస్థకు కోపం తెప్పిస్తుంది. మనకూ కాస్త ఇబ్బందిగానే ఉంటుంది. అయినా అడగాల్సిందే.